‘బాగ లేనప్పుడే రా’ అన్న డాక్టరమ్మ

శనివారం సాయంత్రం నా కనురెప్పను బొటనవేలితో మెల్లగా ఎత్తి చూసి, "మంచిగనే ఉన్నవ్, వచ్చే నెల రా" అన్న మనిషి మంగళవారం పొద్దునకు లేదు. బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు పోతుండగా ఫోను మోగింది. డాక్టరమ్మ క్లినిక్ కింద మందుల దుకాణం నడిపే ఆయన. "టీచర్, మేడం పోయింది" అన్నాడు. ఎక్కడికి పోయిందని అడిగాను. నిజంగానే అడిగాను. హైదరాబాద్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయి ఉంటుందనుకున్నాను. ఆయన, "పొద్దుగాల చాయ్ తాక్కుంట కుర్చీలనే ఒరిగిపోయిందట. గుండె" అన్నాడు.

ఫోను పెట్టేసి ఏడో తరగతికి వెళ్లాను. బోర్డు మీద భిన్నాల లెక్క రాశాను. వెనకనుంచి ఒక పిల్ల, "మేడం, రాసిందే మల్ల రాస్తున్రు" అన్నది. చూస్తే నిజమే, ఒకే లెక్క కిందికీ కిందికీ రాసుకుంటూ పోయాను. ఆ సుద్దముక్క పట్టుకునే శక్తి నా చేతికి ఆమె వల్లనే తిరిగి వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆమె పోయిందన్న మాట నాకు ఎవరి సంగతో విన్నట్టుగానే ఉంది.

సిద్దిపేటలో చాలామంది ఆమెను ముచ్చట్ల డాక్టర్ అనేవాళ్లు. అందులో మెప్పు కన్నా విసుగే ఎక్కువ. లోపలికి పోయిన పేషెంటు ఎంతకీ బయటికి రాడు. నంగునూరు నుంచి, మద్దూరు నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చినవాళ్లు బయట బెంచీల మీద కూర్చుని, "గీమె సూది మందు ఇస్తదా, ముచ్చట పెడ్తదా" అని గొణుక్కునేవాళ్లు. వాళ్లే లోపలికి పోయాక తొందరగా లేచేవాళ్లు కాదు.

నేను ఆమె దగ్గరికి చేరేనాటికి నా జబ్బుకు పేరు లేదు. పొద్దున లేస్తే అందరిలాగే ఉండేదాన్ని. మధ్యాహ్నం దాటితే కుడి కంటి రెప్ప వాలిపోయేది. బోర్డు మీద రాస్తుంటే చెయ్యి దానంతటదే కిందికి జారేది. సాయంత్రం అన్నం నమలడానికి దవడ సహకరించేది కాదు. మాట ముక్కులోంచి వచ్చేది. ఒకసారి ఓ పిల్లవాడి తండ్రి ఫోను చేసి, నా మాట విని, "టీచర్, మీరేమన్న తీసుకున్నరా" అని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నిద్ర సరిపోవడం లేదా అన్నారు.

చూపించుకోని చోటు లేదు. రక్తపరీక్ష, తలకు స్కానింగు, అన్నీ బాగున్నాయన్నారు. బాగున్నాయన్న ప్రతిసారీ ఇంట్లో నా మీద నమ్మకం కాస్త తగ్గేది. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో డాక్టరు నా ముఖం చూడకుండానే టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు. మా అత్తమ్మ దిష్టి అన్నది. ఎవరి చేతనో తాయెత్తు కట్టించింది. ఆమెను తప్పు పట్టను, ఆమె ఏదో ఒకటి చేసింది. నన్ను కుంగదీసింది వేరే. నాకే నా మీద అనుమానం మొదలైంది. పని తప్పించుకోవడానికి నా ఒళ్లు నాటకమాడుతోందేమో అని రెప్ప వాలిన కన్నును అద్దంలో చూసుకుంటూ నిలబడేదాన్ని.

మొదటిసారి డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు అలవాటు కొద్దీ మా ఆయనే మొదలుపెట్టాడు. "ఏం లేదు మేడం, అన్ని రిపోర్టులు నార్మలే…" ఆమె చెయ్యెత్తి ఆపింది. "పానం బాగలేంది ఆమెకు గద సార్. ముచ్చట గూడ ఆమెనే చెప్పనియ్యున్రి" అన్నది. తర్వాత లేచి ఫ్యాను తగ్గించింది. చప్పుడులో గొంతులు సరిగ్గా వినబడవట. పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టింది. పేషెంటు చెప్పడం పూర్తయ్యేదాకా పెన్ను ముట్టకపోవడం ఆమె పద్ధతి అని తర్వాత తెలిసింది.

"నిన్న పొద్దుగాల లేసిన కాడికెళ్లి రాత్రి పండుకునే దాంక ఏమేం చేసినవో చెప్పు బిడ్డా" అన్నది. రోగం గురించి అడగలేదు, రోజు గురించి అడిగింది. నేను జడ వేసుకోవడం దగ్గర మొదలుపెట్టాను. సగం చెప్పాక ఏడ్చాను. ఆమె ఏడవొద్దు అనలేదు, నీళ్లు తాగమనీ అనలేదు. ఊరికే ఆగింది. నేను మళ్లీ మొదలుపెట్టాక విన్నది.

అంతా విని, "నాకైతే ఇప్పుడు తెలుస్తలేదు" అన్నది. ఒక డాక్టరు నోటి నుంచి ఆ మాట వినడం నాకు అదే మొదలు. "రిపోర్టు నార్మల్ అంటే రోగం లేనట్టు కాదు. ఆ పరీక్షకు దొరకలేదన్నట్టు. నువ్వు చెప్పేది అబద్ధం కాదు. గా సంగతి మాత్రం నాకు తెలుసు." మా ఆయన తల దించుకున్నాడు.

రెండు మూడు సార్లు వెళ్లాను. ప్రతిసారీ బడి కన్నా ముందు, పొద్దున్నే. ప్రతిసారీ నా చెయ్యి గట్టిగానే ఉండేది, కన్ను తెరుచుకునే ఉండేది. ఒకరోజు ఆమె నన్నే చూస్తూ, "నువ్వెప్పుడూ పొద్దుగాలనే వస్తున్నవ్. అన్ని పరీక్షలూ పొద్దుగాలనే అయినయా?" అని అడిగింది. అవునన్నాను. "గట్లయితే నిన్ను బాగున్నప్పుడే అందరం చూసినం. బాగ లేనప్పుడే రా. బడి కాంగనే ఇంటికి పోకు, సక్కగ ఈడికే రా" అన్నది.

ఆ రోజు సాయంత్రం చివరి తరగతి అయ్యాక వెళ్లాను, మా ఆయన కూడా అక్కడికే వచ్చాడు. మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. ఆమె నన్ను వరుసలో కూర్చోబెట్టలేదు. పైకప్పు మూల చూపించి, తల కదపకుండా అటే చూస్తూ ఉండమన్నది. చూస్తుండగానే కుడి రెప్ప వాలింది, దాని వెనకే ఎడమది కూడా. ఆమె ఆయమ్మను కింద చెరుకురసం బండి దగ్గరికి పంపి మంచుగడ్డ తెప్పించింది. గుడ్డలో చుట్టి, నా మూసిన కన్ను మీద తనే పట్టుకుని నిలబడింది. చల్లటి నీళ్లు నా మెడ మీదికి కారుతుంటే తన చీర కొంగుతో తుడిచింది. కాసేపటికి తీసి కన్ను తెరవమన్నది. తెరుచుకుంది. మంచు పెట్టిన కన్ను నిండా తెరుచుకుంది, పెట్టనిది వాలే ఉంది.

మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. డాక్టరమ్మ నవ్వింది. నేను ఆమె నవ్వు చూసింది తక్కువ. "చూసిన్రా సార్. ఇది టెన్షన్ అయితే ఐసుకు లేస్తదా?" అన్నది. నరం చెప్పిన మాట కండకు సరిగ్గా అందని జబ్బు ఒకటి ఉంటుందని, కండ వాడిన కొద్దీ సోలిపోతుందని, మందు ఉందని వివరించింది. ఆమెకు ఉన్నది అనుమానమే, ఖాయం చేయాల్సింది నరాల డాక్టరు. నా ముందే ఆయనకు ఫోను చేసి, "సాయంత్రం చూడు, పొద్దుగాల చూడకు" అని చెప్పింది.

జబ్బు ఖాయమైంది. పూర్తిగా పోయేది కాదు. కానీ మాత్రలతో నమలగలుగుతున్నాను, రాయగలుగుతున్నాను. నన్ను నేను నమ్ముతున్నాను.

ఆమె పోయిన ఐదో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఇంటి ముందు టెంటు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫొటోకు దండ. ఆ దండ చూశాక కూడా, లోపలి గదిలోంచి ఆమె వస్తుందేమోనని తలుపు వైపే చూశాను. ఆమె భర్త డిగ్రీ కాలేజీలో లెక్చరర్. నేనెవరో చెప్పాను. ఆయన తల ఊపాడు. తర్వాత నేల చూస్తూ మాట్లాడాడు.

"వారం సంది వీపుల గుంజుతుందన్నది. దవడ గూడ నొస్తుందన్నది. గ్యాస్ కావచ్చు, మాత్ర ఏస్కో అన్న. సరే అని ఏస్కున్నది. పొద్దంత అందరియి వింటది గద టీచర్. ఇంటికొచ్చి ఆమె చెప్తే, నేను టీవీ చూస్కుంట విన్న."

ఆడవాళ్లకు గుండె నొప్పి గుండెలోనే రావాలని లేదని క్లినిక్‌లో ఎంతమందికో చెప్పిన మనిషి. ఆమెకు తెలియదా? తెలిసీ, తన మాటను తానే తేలిగ్గా తీసుకుందా? ఎంత ఆలోచించినా నేను అక్కడే ఆగిపోతున్నాను.

మేము అలా కూర్చుని ఉండగా గేటు దగ్గర ఆటో ఆగింది. ధూళిమిట్ట నుంచి ఒక ముసలామె దిగింది. చేతిలో రిపోర్టుల కవరు. "క్లినిక్ బందున్నది, ఇంటికాడ ఉంటదేమోనని వచ్చిన" అంటూ లోపలికి వచ్చి ఫొటో చూసింది. ఉన్నచోటనే కూలబడింది. "మొన్ననే గద నా చెయ్యి పట్టుకున్నది" అన్నది తనలో తానే. చాలాసేపటి తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, "మరి నా బాధ ఇగ ఎవలికి చెప్పాలె" అన్నది.

పక్కనున్న బంధువు ఒకామె, "గిప్పుడు గవేం మాటలవ్వా" అని ఆమెను లేపబోయింది. లెక్చరర్ సార్ వద్దన్నాడు. తన కుర్చీ జరుపుకుని వచ్చి ఆమె ముందు వేసుకున్నాడు. ఆమెను లేపి ఇంకో కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నాకు వైద్యం రాదవ్వా" అన్నాడు. "కని వింట, చెప్పు."

ముసలామె ఆయన ముఖం కాసేపు చూసింది. "పండుకుంటే సాలు సారూ, అరికాళ్లల్ల నిప్పులు పోసినట్టయితది" అని మొదలుపెట్టింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ముందుకు వంగాడు. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె చెబుతూనే ఉంది. ఆయన తల తిప్పలేదు.