డాక్టరు చెప్పింది, నేను చెప్పింది

ప్రొద్దుటూరులో ఒక గుడ్డల అంగడి మీద గది అద్దెకు తీసుకుని చాలా ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. నర్సు ట్రైనింగులో ఉన్న ఆడపిల్లలు, డిగ్రీ చదివి ఉద్యోగం దొరకనివాళ్ళు, శని ఆదివారాల్లో పులివెందుల వైపు నుంచి బస్సెక్కి వచ్చే చీనీ, అంటే బత్తాయి, తోటల రైతులు కూడా నా దగ్గర చేరారు. అందరికీ మొదటి నెలలో నేర్పేది ఆ నాలుగైదు చిన్న మాటలే. కెన్, మే, మస్ట్, షుడ్, మైట్.

మనకైతే రాగలను, రావచ్చు, రావాలి అని అంతా ఒకే మాటలో కలిసిపోతుంది. ఇంగ్లీషు వాడికి అట్లా కాదు. అసలు పనికి ముందు ఒక చిన్న మాట వచ్చి నిలబడుతుంది. అది మన చేతనయ్యే పనా, చెయ్యక తప్పని పనా, జరిగితే జరగొచ్చు లేకుంటే లేదు అనే రకమా అన్నది ముందే చెప్పేస్తుంది. ఒకసారి బోర్డు మీద "ఇట్ మే రెయిన్ టుడే" అని రాశాను. వానల్లేని లింగాల నుంచి వచ్చే ఒకాయన లేచి, "సార్, మా ఊర్లో ఆ మాట శానా అబద్ధం. మే నాట్ అని రాయండి" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట చెప్పి నవ్వించడం ఇప్పుడు నా వల్ల కాదు.

మా అక్కది జమ్మలమడుగు. బావ మగ్గం నేసేవాడు. మాట కటువు, పని నాజూకు. నన్ను చూస్తే చాలు "ఏమప్పా ఇంగ్లీషాయప్పా" అని ఆట పట్టించేవాడు. మూడేళ్ళ కిందట ఆయనకు లివర్ చెడిపోయి, కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బింది. ప్రొద్దుటూరులో ఒక ఆస్పత్రిలో చేర్చాం. డాక్టరు ఉత్తరాది నుంచి వచ్చిన కుర్రాడు, తెలుగు ముక్క రాదు. "మాకేం బయం లేదు, మా తమ్మునికి ఇంగ్లీషంటే నీళ్ళు తాగినట్టు" అని అక్క పక్క మంచాల వాళ్ళందరికీ చెప్పుకుంది.

బావకు ఒక తమ్ముడున్నాడు, రాజుపాలెంలో. అప్పటికి పదకొండేళ్ళ కిందట ఆస్తి పాలు పంచుకునేటప్పుడు మగ్గాల కొట్టం మధ్య గోడ కోసం ఇద్దరూ గొడవపడ్డారు. ఒకరి గడప ఒకరు తొక్కబోమని తల్లి ఫోటో ముందర ఒట్టేసుకున్నారు. మా వైపు ఒట్టంటే ఒట్టే. ఒకే బస్సులో ఎక్కితే ఒకాయన ముందు సీట్లో, ఇంకొకాయన వెనక సీట్లో కూచునేవాళ్ళు. అయితే చావుబతుకుల్లో ఉన్న మనిషి పిలిస్తే ఎంతటి ఒట్టైనా తెగుతుందని మా పెద్దలు అంటారు.

నాలుగో రోజు పొద్దున డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. "హీ మే నాట్ లివ్ త్రూ దిస్ వీక్" అన్నాడు. ఈ వారం దాటకపోవచ్చు. "యు షుడ్ కాల్ హిజ్ పీపుల్" అన్నాడు. ఆయన మనుషుల్ని పిలవండి. కావాలంటే ఇంటికి తీసుకుపోవచ్చని కూడా చెప్పాడు. పాపం, నిదానంగా, నా క్లాసులో చెప్పినట్టు ఒక్కొక్క మాటే చెప్పాడు.

లోపలికి వచ్చేసరికి అక్క కాఫీ తేవడానికి కిందికి పోయింది. బావ ఒక్కడే ఉన్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమన్న్యాడప్పా? దాచిపెట్టాకు. బతికేటట్టుంటే నేనే మా తమ్ముని ఇంటికి పోతా, ఒట్టు లేదు గిట్టు లేదు. సచ్చేటట్టుంటే ఇప్పుడే పోయి వాణ్ణి పిల్సకరా. ఆ రెండిట్లో ఏది చెయ్యల్లో అదొక్కటి చెప్పు."

మా ఇళ్ళలో రోగి మంచం దగ్గర కీడు మాట పలకరు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారంటారు. రేపో మాపో అన్నట్టున్న మనిషికి కూడా "నెల తిరిగేలోపల లేచి తిరుగుతావు" అని చెప్పడమే మర్యాద. అది అబద్ధమని చెప్పేవాడికీ తెలుసు, వినేవాడికీ తెలుసు. అందుకని దానివల్ల ఎవరికీ చెరుపు లేదు. బావ మాత్రం ఆ మర్యాద వద్దనే నన్ను అడిగాడు. డాక్టరు మాట నా నోటి ద్వారా తప్ప ఆయనకు చేరే దారి లేదు.

"నయమైతాది బావా. మందు పని చేస్తాందంట. నువ్వే పోదువులే రాజుపాలేనికి" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. నమ్మాడు. నన్ను నమ్మకుండా ఇంకెవర్ని నమ్ముతాడు? "అట్లయితే సరే, ఒక పంచె కొనుక్కపోవల్ల వానికి" అని కళ్ళు మూసుకున్నాడు.

భాష అడ్డం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. ఆ మాటలు నేను రోజూ నేర్పేవే. అడ్డం వచ్చింది నా పిరికితనం. ఆయన ముఖం వాడిపోతుంటే చూసే ధైర్యం నాకు లేకపోయింది. మరుసటి రోజు డాక్టరు "వాళ్ళకు చెప్పారా?" అని ఇంగ్లీషులో అడిగాడు. "ఐ విల్" అన్నాను. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రానికి బావకు తెలివి తప్పింది. ఆ మర్నాడు పొద్దున పోయాడు.

శవాన్ని జమ్మలమడుగుకు తెచ్చాక బావ తమ్ముడు వచ్చాడు. పిలుపు రాలేదు కనుక గడప తొక్కలేదు. బయటికి తెచ్చేదాకా ఎండలో వీధిలోనే నిలబడ్డాడు.

కర్మలన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. కూచోమన్నా కూచోలేదు.

"అప్పా, కడదాకా నువ్వు ఆడనే ఉన్న్యావంట. మాయన్న నన్ను పిలవమని ఒక్క తూరన్నా అన్న్యాడా?"

అన్నాడని చెబితే మరెందుకు పిలవలేదని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను.

"లేదు" అన్నాను.

ఆయన "అంతేలే" అని గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

ప్రొద్దుటూరు నుంచి రాజుపాలెం ఎంత దూరమని? ఏదో ఒక రోజు పోయి నిజం చెప్పాలని బస్టాండు దాకా రెండుసార్లు పోయి తిరిగొచ్చాను. పోయిన నెల అక్క ఇంటికి పోతే, మరిది వచ్చిపోయాడని చెప్పింది. "మాయన్న పానం పోయేటప్పుడు గూడా నన్ను తల్సుకోలేదు వదినా, అంత పాపం ఏం జేసినా నేను" అని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చాడంట. అది చెబుతూ అక్కా ఏడ్చింది. "బావ మనసులో అట్లాంటి కోపం ఏమీ ఉండిండదులే అక్కా" అని నేను అక్కను ఓదార్చాను.