మూడూళ్లు తిరిగిన పాము

నా జన్మలో నన్ను ఏ పామూ కరవలేదు. కానీ నేను కాగితం మీద పుట్టించిన పాము ఒకటి, క్రిస్మస్ రోజున, నిండు సభలో నా పరువును తోకతో సహా మింగేసింది. నవ్వదలచుకున్నవారు ఇప్పుడే సర్దుకుని కూర్చోండి. నడి మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నేను సూర్యాపేటలో బడిపంతులుని. లోకంలో ఎవరికి రాయడం రాకపోయినా అది నా తప్పేనని నమ్మే వయసు. అందుకని ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలోనే పెద్దవాళ్లకు రాత నేర్పే క్లాసు పెట్టాను. ఒక వారం సూర్యాపేట, ఒక వారం కోదాడ, ఒక వారం మిర్యాలగూడ. బస్సు దొరికితే బస్సు, లేకపోతే వడ్ల బండి.

సంఘ పెద్దలకు ఇది నచ్చలేదు. "గుడిల పలకలేంది?" అని గొణిగారు. మూడూళ్ల సంఘాలనూ చూసే పాస్టరు అయ్యగారు నన్ను పిలిపించారు.

"సారూ, క్రిస్మస్ నాడు ఊరికి ఒక్కలన్న తమ సాక్ష్యం సొంతంగ రాసి సదవాలె. గట్లయితే క్లాసు ఉంటది. లేకుంటే ఖతం."

సాక్ష్యమంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. "ముగ్గురు చదువుతరు అయ్యగారూ. చదవకపోతే ఇగ నేను చాక్‌పీసు ముట్ట," అన్నాను. నేను పట్టిన పట్టు విడిచే మనిషిని కాదు. మా అమ్మ ఇదే మాటను ఇంకోలా అనేది, అది ఇక్కడ రాయను.

నా పట్టుదల సంగతి వరిచేలకు తెలియదు కదా! కోతలు మొదలయ్యాయి. క్లాసుకు వచ్చేవాళ్లంతా కొడవళ్లు పట్టుకుని పొలాలకు పోయారు. క్రిస్మస్ దగ్గర పడింది. ఒక్క కాగితమూ రాలేదు. చేసేదిలేక నేనే కూర్చుని ఒక సాక్ష్యం రాశాను.

"ఒకానొక దినమున నేను పొలము గట్టున నడుచుచుండగా భయంకరమైన సర్పమొకటి నా కాలికి చుట్టుకొనెను. ప్రభువా అని మొరపెట్టితిని. అంతట అది నన్ను విడిచి తన పుట్టలోనికి పోయెను."

రాసి నాలుగుసార్లు చదువుకుని, నాకు నేనే మురిసిపోయాను. ఎవరి ఊళ్లో వాళ్లు చదివేదానికి ఒకటి చాలదా? పేరూ ఊరూ మార్చి మూడు కాగితాలు చేశాను. ఒకటి సూర్యాపేట బండి తోలే ఏసోబుకు, ఒకటి కోదాడ గుడిలో గంట కొట్టే దానియేలుకు, ఒకటి మిర్యాలగూడ క్లాసుకు వేములపల్లి నుంచి నడిచొచ్చే మరియమ్మకు. అరవై దాటిన కూలి మనిషి. ఆమె ఒక్కతే అడ్డం తిరిగింది.

"సారూ, నా కాలికి పాము ఎన్నడు సుట్టుకున్నది?"

"సుట్టుకున్నట్టు అనుకోవాలె పెద్దమ్మా."

"గుడిల నిలబడి అనుకుంటరా? అబద్ధం గాదా?"

"అబద్ధం కాదు, కల్పన!"

"గదేందో నాకు సమజ్ గాలే," అంటూనే కాగితం కొంగున ముడేసుకుంది.

క్రిస్మస్ పొద్దున కొత్త చొక్కా తొడుక్కుని సూర్యాపేట గుడికి పోయాను. గుడి ముందు ఒక లారీ ఆగింది. అందులోంచి కోదాడ దిగింది. దాని వెనకే బండ్ల మీద మిర్యాలగూడ దిగింది. అయ్యగారు చేతులు చాచి వచ్చారు.

"మీకు చెప్పకుండ దాసినం సారూ! గొడవలల్ల రెండేండ్లు ఎవరి తలుపు వాళ్లేసుకున్నం. ఈసారి మూడూళ్లు ఒక్క కాడ్నే. మీ ముగ్గురు గీడ్నే సదువుతరు!"

మూడు కాగితాల్లోనూ ఉన్నది ఒక్కటే పాము!

ముందు ఏసోబు చదివాడు. పాము పుట్టలోకి పోగానే జనం "స్తోత్రం!" అని మారుమోగించారు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. తర్వాత దానియేలు లేచి నా వంక దీనంగా చూశాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. భయపడకు అంటున్నాననుకున్నాడు కాబోలు, గొంతెత్తి మొదలుపెట్టాడు. కాలికి పాము చుట్టుకుంది. ఈసారి స్తోత్రం లేదు. వెనక నుంచి ఎవరో అడిగారు.

"గా పాము పేట నుంచి కోదాడకు ఏ బస్సుల పోయిందన్నా?"

గుడి గుడంతా గొల్లుమంది. దానియేలు కాగితం మడిచి, "నాకేం తెలీదండీ, మాస్టారే రాసిచ్చారు," అని చల్లగా చెప్పి కూర్చున్నాడు. సంఘ పెద్దలందరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. క్లాసు పోయిందని నాకు అర్థమైపోయింది.

మరియమ్మ లేచింది. "ఇగ పాము మిర్యాలగూడకొచ్చె!" అని జనంలో మళ్లీ నవ్వులు. ఆమె కొంగుముడి విప్పి, నా కాగితం తీసి, తిప్పి పట్టుకుంది. వెనకవైపు పెన్సిలుతో వంకరటింకర అక్షరాలు. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది.

"నా పేరు మరియమ్మ. నాది వేములపల్లి. పోయిన క్రిస్మసుకు నాకు అ ఆ రాదు. ఇయ్యాల నా పేరు నేనే రాసిన. ఇది దేవుడు నాకు చేసిన మేలు. జర మా సారు గూడ చేసిండు. నన్ను ఏ పాము సుట్టుకోలే."

ఇందాక నవ్వినవాళ్లే చివరి మాటకు "స్తోత్రం!" అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంత సిగ్గుతో, చాలావరకు సంతోషంతో.

అయ్యగారు పెద్దలతో తలలు దగ్గర పెట్టి మాట్లాడి నా దగ్గరికి వచ్చారు. "ఊరికొక్కలు రాయాలె అంటి, ఒక్కతే రాసింది. అయినా క్లాసు ఉంటది సారూ. కాకుంటే వచ్చే వారం సంది మీరు గూడ మరియమ్మ పక్కపొంటి కూసోని నేర్సుకోండి."

కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ ఆమె ఎదురుపడి, "పాము మంచిగున్నదా సారూ?" అని అడిగేది.

కనుక మూడూళ్ల సంఘాల సాక్షిగా, ఇదే నా ప్రమాణం. ఇంకొకరి కాలికి నేను పామును చుట్టను. చుట్టక తప్పకపోతే నా కాలికే చుట్టుకుంటాను. నమ్మకం లేకపోతే పైనుంచి మళ్లీ చదువుకోండి, అది ఎవరి కాలికి ఉందో తెలుస్తుంది.