దుక్కి లేని సేద్యం

ద్వారకా నగర్‌లో సేద్యపు యంత్రాలమ్మే భీమశంకరరావుకు బురదంటే అసహ్యం, దుక్కి లేని సేద్యమంటే ప్రాణం. నోరు విప్పితే అదే ఉపన్యాసం. నేల దున్నకుండానే మొక్కజొన్న విత్తే యంత్రానికి ముందు వైపు వరి కొయ్యకాళ్లు కోసే ఉక్కు బిళ్లలు, వెనక గింజ మీద మట్టి పూడ్చే చక్రాలు దగ్గరుండి బిగించాడు. బిగించాక ఒక్కో బిళ్లనూ జేబురుమాలుతో తుడిచి, అందులో మీసం చూసుకున్నాడు. సబ్బవరంలో అప్పలమ్మ కోత కోసిన మడిలో రైతులకు నడిపి చూపించాలి. నలుగురి ముందూ యంత్రం మొరాయిస్తే పరువేం కానని, ముందురోజే ట్రాక్టరు పెట్టి ఆ మడిని రెండు చాళ్లు దున్నించేశాడు. మర్నాడు యంత్రం వెన్నలో కత్తిలా సాగిపోయింది.

“చూశారాండీ? ఇక దుక్కి మాటే మర్చిపోండి!” అన్నాడు గట్టు దిగకుండానే.

అప్పలమ్మ వంగి, పొడిపొడిగా ఉన్న మట్టిని పిడికెడు తీసింది. “నిన్న నువ్వు దున్నించినావు గాబట్టి నడిసింది బాబూ. గట్టవతల మడి దున్నలేదు. అందులో నడిపించు, సూద్దాం.”

రైతులంతా అటు తిరిగారు. ఆ మడి నిండా కొయ్యకాళ్లు నిక్కబొడుచుకుని ఉన్నాయి. భీమశంకరరావు చొక్కా మడత సవరించుకుని, నిబ్బరంగా నవ్వాడు.

“దానికేం భాగ్యమమ్మా! రేపు రండి, దాన్ని కూడా దున్నించి చూపిస్తాను.”