నేను తోమిన లారీ పళ్లెం

ఒక మనిషి శుభ్రత వల్ల బర్మాలోని రంగం పట్టణంలో ట్రాములు ఆగిపోయాయంటే మీరు నమ్మరు. నమ్మకపోతే నాకూ మంచిదే, ఎందుకంటే ఆ మనిషిని నేనే. నలభై మంది నోటిదగ్గర కూడు పడగొట్టబోయిన ఘనకార్యం అది. నేను దొంగతనం చెయ్యలేదు, తాగి పడిపోలేదు. చింతపండూ కొబ్బరిపీచూ పట్టుకుని ఒక ఇనప పళ్లేన్ని తళతళలాడేలా తోమాను, అంతే. మీ ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని శుభ్రత లేదని తిడుతుంటే, ఇది వాళ్లకి చదివి వినిపించండి.

మొదటి పెద్ద యుద్ధం ముగిసి కొన్నేళ్లయిన రోజులు. నాకు ఇరవై రెండేళ్లు. భీమిలి నుంచి వచ్చి గురువులు మేస్త్రీ దగ్గర గుమాస్తాగా చేరాను. మేస్త్రీ కింద నలభై మంది కళాసీలు, అందరూ మా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వాళ్లే. నది ఒడ్డున ఒక బియ్యం మిల్లులో బస్తాలు ఎక్కించడం, దించడం వాళ్ల పని. నేను థర్డు ఫారం తప్పినవాణ్ణి. అయినా అంతమందిలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగింది నేనొక్కణ్ణే కాబట్టి, లోకంలో నాకు తెలియని సంగతి లేదని వాళ్లు అనుకునేవారు. వాళ్లు అనుకుంటున్నారు కదా అని నేనూ అనుకునేవాణ్ణి.

ఆ ఏడు మిల్లు దొర కొత్త షెడ్డు కట్టిస్తున్నాడు. దానికి ముప్పై అడుగుల టేకు దూలాలు రేవు నుంచి మిల్లుకి చేరాలి. చేతిబళ్ల కాలం పోయిందనీ, లారీ లేని మేస్త్రీకి తన మిల్లులో పని లేదనీ దొర తెగేసి చెప్పాడు. దసరా మర్నాడు పగలు పదకొండు గంటల్లోగా మొదటి లోడు గేటు దాటాలి. దాటితే ఆ సీజనంతా పని మాది. దాటకపోతే వేరే మేస్త్రీ కాచుకుని కూర్చున్నాడు, మేం తట్టాబుట్టా సర్దుకోవడమే.

మేస్త్రీ ఎక్కడెక్కడో తిరిగి, యుద్ధంలో వాడి వదిలేసిన లారీ ఒకటి పట్టుకొచ్చాడు. దూలాలు మొయ్యడానికి దాని వెనక పొడుగాటి ట్రైలరు తగిలించాలి. ట్రైలరుకి చక్రాలు వెనకవైపే ఉంటాయి. ముందు భాగం లారీ మీద ఆనాలి. ఎలా ఆనాలన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న మా బసలో పది రోజుల పాటు ఎవరికీ అన్నం సహించనివ్వలేదు.

రంగం శివార్లలో ఇన్సేన్ దగ్గర కొలిమి పెట్టుకున్న అప్పన్న అనే కమ్మరి మావాడే. అతను రెండు పద్ధతులు చెప్పాడు. మొదటిది పళ్లెం. లారీ వెనక చక్రాల పైన ఒక పెద్ద గుండ్రటి ఇనప పళ్లెం బిగిస్తారు. ట్రైలరు అడుగున ఇంకో పళ్లెమూ, దాని మధ్య ఒక లావాటి మేకూ ఉంటాయి. మేకు కింది పళ్లెం గాడిలో దిగుతుంది, పైది కిందిదాని మీద ఆని తిరుగుతుంది. రెండోది బాతు మెడ. ట్రైలరు ముందు నుంచి ఒక ఇనప దూలం బాతు మెడలా లేచి, వంగి, లారీ నడుమ బిగించిన ఇనప గుండు మీద గిన్నె బోర్లించినట్టు కూర్చుంటుంది. పళ్లెం ఎక్కువ బరువు మోస్తుంది. మెడ ఇరుకు మలుపుల్లో సులువుగా తిరుగుతుంది, దానికి చాకిరీ కూడా తక్కువ.

ఈ నాలుగు ముక్కలూ చాలు, ఎవరైనా ఆలోచించి తేల్చుకోవచ్చు. కానీ నా దగ్గర కేటలాగు ఉంది. ఒక మోటారు దుకాణం వాళ్లు పారేసిన పుస్తకం అది. అందులో నాకు తెలిసిన మాటలు పదికి మించవు. ఆ పది మాటల బలం మీద నేను గంటసేపు ఉపన్యసించాను. బాతు మెడ వేసుకుని మిల్లు గేట్లోకి వెళితే దొర నవ్వుతాడన్నాను. నాగరిక దేశాలన్నీ పళ్లెం వైపే ఉన్నాయన్నాను. ఏ దేశాలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నాలుగు పేర్లు చెప్పేవాణ్ణే. మేస్త్రీ భార్య పైడమ్మగారు కూడా, పళ్లెమైతే దసరా పూజలో నిండుగా ఉంటుందని నాకు వత్తాసు పలికింది. మా వాళ్లు లారీ తగిలింపుని ఎన్నుకున్నది పసుపు రాయడానికి ఎంత చోటుందో చూసి. ఈ సంగతి ఆ కేటలాగు అచ్చు వేసినవాడికి తెలిస్తే ఏమనుకునేవాడో.

అప్పన్న అన్నీ ఓపిగ్గా విని, చుట్ట పక్కన పెట్టి చెప్పాడు.

“పళ్లెం బరువుకి మంచిదే బాబూ, నాను కాదన్ను. గానీ దానికి నిత్తెం జిడ్డు ఉండాల. రెండు పళ్లేల మద్దిన జిడ్డు నేకపోతే అది తిరగదు. బాతు మెడైతే గిన్నెలో ఓపాలి రాస్తే సాన్నాళ్లు సూడక్కర్నేదు. మీ కాడ జిడ్డు సంగతి సూసీవోడు ఎవులున్నారు?”

“నేనున్నాను” అన్నాను గుండె మీద చెయ్యి వేసుకుని. ఆ రోజుల్లో నేను పుస్తకంలో అచ్చయినట్టు మాట్లాడేవాణ్ణి. వినడం మాత్రం అలవాటు కాలేదు.

దసరా ముందు రోజు అప్పన్న వచ్చి పళ్లెం బిగించి, దాని మీద దోసెడు నల్లటి జిడ్డు పట్టించి వెళ్లిపోయాడు. మర్నాడు మా బసలో ఆయుధ పూజ. మా కళాసీల ఆయుధాలంటే బస్తా కొక్కేలు, మోకులు, చేతిబళ్లు. అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి వరసగా పేర్చారు. లారీకి అరిటి పిలకలు కట్టారు. చివరికి పైడమ్మగారు పసుపు గిన్నెతో పళ్లెం దగ్గరికి వచ్చింది. జిడ్డు మీద పసుపు నిలవలేదు. ఎంత రాసినా జారిపోయి ఆవిడ వేళ్లే నల్లబడ్డాయి. ఆవిడ నా వైపు చూసింది.

“ఏటి బాబూ ఇది. అమ్మోరి ముందల ఇంత మురికేటి?”

నాకు తల కొట్టేసినట్టయింది. పళ్లెం బాధ్యత నాది. కమ్మరివాడి చేతిమురికి అమ్మవారి ముందు పెట్టడమా అని పంచె ఎగ్గట్టాను. ముందు గోనెపట్టాతో తుడిచాను, తర్వాత బూడిదతో రుద్దాను, ఆ తర్వాత చింతపండుతో తోమాను. రెండు గంటలు పట్టింది. చివరికి ఆ పళ్లెంలో నా మొహం కనిపించింది. నిజం చెప్పొద్దూ, అందులో చూసుకుని పాపిడి కూడా తీసుకున్నాను. దాని మీద పసుపు మందంగా పట్టించి, అయిదు బొట్లు పెట్టి, అక్షింతలు చల్లి, మేకు దిగే గాడిలో నైవేద్యం బెల్లం ముద్ద ఒకటి కూరాను. చదువుకున్నవాడి పనే వేరని మేస్త్రీ అందరి ముందూ అన్నాడు. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

తెల్లవారాక లారీ తీయడానికి డ్రైవరు కో తాన్ వచ్చాడు. కో తాన్ బర్మావాడు, కానీ మా వాళ్లతో అయిదేళ్లు మసలి తెలుగంతా మా యాసలోనే నేర్చుకున్నాడు. నన్ను సయా అనేవాడు, వాళ్ల భాషలో పంతులుగారూ అని. వంగి పళ్లెం మీద వేలితో రాసి చూశాడు.

“సయా, జిడ్డేదీ?”

అది అమ్మవారి పసుపు, ఈ రోజుకి తుడవకూడదు, రేపు జిడ్డు రాద్దాం అని వివరించాను. పాపం, దేవుళ్ల విషయంలో వాదించే అలవాటు లేనివాడు. పళ్లేనికి చేతులు జోడించి ఎక్కి కూర్చున్నాడు.

రేవులో దూలాలు ఎక్కించిన ట్రైలరు సిద్ధంగా ఉంది. దాన్ని పళ్లెం మీదికి దించారు. మేకు బెల్లంలో మెత్తగా దిగింది. నేను మెళ్లో బంతిపూల దండతో దూలాల మీద కూర్చున్నాను. నలభై మందీ తమ చేతిబళ్లు తోసుకుంటూ వెనక నడిచారు, గేటు దాటాక దూలాలు దించడానికి. దారి పొడుగునా రోడ్డు తిన్నగా ఉంది కాబట్టి లారీ కూడా తిన్నగా వెళ్లింది. రోడ్డు పక్క జనాలకి నేను నమస్కారాలు పెట్టాను. వాళ్లెవరో నాకు తెలియదు. నేనెవరో వాళ్లకి ఇంకాసేపట్లో తెలియబోతోంది.

మిల్లు గేటు కుడిచేతి వైపు ఉంది. అక్కడ తిరగాలి. గేటు దగ్గర దొర గడియారం పట్టుకుని నిలబడ్డాడు. టైము పదింపావు. కో తాన్ చక్రం తిప్పాడు. లారీ ముందు చక్రాలు తిరిగాయి, లారీ తిరగలేదు. పళ్లెం దగ్గర్నుంచి పంది గొంతు కోస్తున్నట్టు ఒక మోత వచ్చింది. ట్రైలరు తిరగనని మొరాయించి లారీని కూడా తనతో ఈడ్చుకుపోయింది. మేం గేట్లోకి తిరక్కుండా, దొర ముందు నుంచే తిన్నగా ఊరేగుతూ పోయి, ట్రాము పట్టాల మీద అడ్డంగా ఆగాం. నేను దండతో సహా దూలాల మీంచి జారి రోడ్డు మీద కూర్చున్నాను.

ఒక ట్రాము వచ్చి ఆగింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక మరో రెండు. గంటలు కొట్టడం మొదలుపెట్టారు. కో తాన్ లారీ కింద దూరి చూసి వచ్చాడు.

“సయా, అమ్మోరు గట్టిగా అట్టీసుకున్నాది” అన్నాడు ఎంతో మర్యాదగా.

పసుపూ అక్షింతలూ బెల్లమూ టన్నుల బరువు కింద పడి పచ్చడయి, రెండు పళ్లేలనీ అంటించేశాయి. అప్పుడు వెలిగింది నాకు, అప్పన్న చెప్పిన మాట. ఎదురుగా ఆనపకాయ బజ్జీలు వేసే డా మ్యా అనే ముసలమ్మ జాలిపడి తన మూకుడులో నూనె తెచ్చి ఇచ్చింది. గబగబా పోశాను. అంత బరువు కిందికి నూనె ఎలా దిగుతుంది. అంచుల వెంట కారిపోయింది. బజ్జీల వాసనకి వీధి కుక్కలు మాత్రం చేరాయి.

నలభై మందీ నా వైపు చూస్తూ నిలబడ్డారు. తిట్టినా బాగుండేది. వాళ్లలో ఒకడి పెళ్లాం నెల తప్పిందని ముందు రోజే ఊరికి ఉత్తరం రాసిపెట్టింది నేనే. ఈ సీజను పని ఉందని అందులో ధైర్యం చెప్పిందీ నేనే. నాకు ఏడుపొచ్చింది.

మేస్త్రీ తలపాగా తీసి లారీ మీద పెట్టాడు.

“లారీ మాట ఒగ్గీయండి. బుజాలున్నాయి కదా.”

అంతే అన్నాడు. మా వాళ్లు తాము పక్కన పెట్టాల్సిన ఆ పాత చేతిబళ్ల పొడుగాటి కర్రలే ఊడబెరికి ట్రైలరు తోక కింద దూర్చి మీటారు. ఐలేసా అన్నాడొకడు. తోక బెత్తెడు పక్కకి జరిగింది. నేనూ భుజం పెట్టబోతే, నువ్వు పక్కన నిలబడు బాబూ అదే పెద్ద సాయం అన్నారు. మళ్లీ ఐలేసా. విసుగెత్తిన ట్రాము జనాలు దిగొచ్చి, బర్మావాళ్లూ మనవాళ్లూ అన్న తేడా లేకుండా ఐలేసాలు అందుకున్నారు. మధ్యలో కో తాన్ బండిని కాస్త వెనక్కి తీస్తూ ఉంటే, అది మొత్తం గేటుకి ఎదురుగా మూతి పెట్టేదాకా తోకని అలా జరిపారు. ఆ తర్వాత తిరగాల్సిన పని లేదు, తిన్నగా లోపలికి పోవడమే. పదకొండుకి అయిదు నిమిషాలుండగా దూలాల చివర గేటు దాటింది.

దొర వచ్చి, వేళ్లు ఒక్కొక్కటే ఎత్తుతూ గబగబా మాట్లాడి వెళ్లిపోయాడు. దుబాసీని నేనే కదా, మేస్త్రీ నన్నడిగాడు.

“దొర ఏటన్నాడు?”

“మన మనుషులు సీజనంతా ఇక్కడే ఉండాలన్నాడు. ఇలాంటి భుజాలు వదులుకోనన్నాడు. లారీని కూడా ఉంచమన్నాడు.”

“మూడోది?”

“మూడోది లేదండి మేస్త్రీగారూ.”

మేస్త్రీ తలపాగా నిదానంగా చుట్టుకున్నాడు. “నాకు ఇంగ్లీసు రాదు, నెక్కలొచ్చు. దొర సేతి ఏళ్లు మూడు ఎత్తినాడు. మూడో ఏలు నీ ఏపే తిప్పినాడు.”

చెప్పక తప్పలేదు. ఆ పళ్లెం తోమినవాడెవడో వాణ్ణి తన ఇంజను గది ఛాయలకి రానివ్వద్దన్నాడని అనువదించాను. నా జీవితంలో తప్పు లేకుండా చేసిన అనువాదం అదొక్కటే.

పని పెరిగింది. రెండు నెలలకి రెండో ట్రైలరు కావలసివచ్చి, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే సభ. ఈసారి నా కేటలాగు ఎవరూ అడగలేదు. బరువైన లోడు కాబట్టి న్యాయంగా పళ్లెమే మేలని అప్పన్నే అన్నాడు. మేస్త్రీ మాత్రం బాతు మెడే వెయ్యమన్నాడు. బరువు తక్కువ మోస్తుంది కదా, ఎందుకని అప్పన్న అడిగాడు.

“మోత్తే తక్కువే మొయ్యనీ. సిమాచలం తోమడానికి దాని మీద సోటు నేదు.”

ఆ సిమాచలాన్ని నేనే. అప్పన్న జిడ్డు డబ్బా మీద చెయ్యి వేసి, నలభై మంది సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను: బొందిలో ప్రాణం ఉండగా జిడ్డున్న వస్తువు దేన్నీ కడగను, తుడవను, తోమను. ఇన్నేళ్లూ ఆ మాట తప్పలేదు. వేపుడు మూకుడు నా ముందు పెట్టినప్పుడల్లా మా ఆవిడకి ఈ సంగతి మొదటి నుంచి చెబుతాను. ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది.