లాయరంకుల్ ఆఖరి అధ్యాయం

లాయరంకుల్ పోయి నేటికి పదహారు రోజులు. ఆయన పోయిన సంగతి నాకు ఆఫీసుకు వెళ్తుంటే లిఫ్టులో పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. కిందిదాకా వెళ్లి, దిగకుండా మళ్లీ పైకి వచ్చాను.

ఆయన మీలో ఎవరికీ తెలిసుండరు. ఒంగోలులో పదేళ్లు వకీలుగా చేసి, ఆంటీ ఉద్యోగం కోసం సింగపూర్ వచ్చారు. ఇక్కడ ఆ పట్టా పనికిరాలేదు. ఒక కంపెనీలో ఒప్పంద పత్రాలు సరిచూస్తూ రిటైరయ్యారు. నల్లకోటు బీరువాలోనే ఉండిపోయింది. ఆ బాధంతా తాను రాస్తున్న ఒక పుస్తకంలో పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి అమెరికా వలసపోయి, అక్కడా కోర్టులో నిలబడి, ఎన్నికలు కూడా గెలిచిన ఒక వకీలు జీవితం అది. “ఆయనకి మళ్లీ కోర్టు దొరికిందయ్యా,” అనేవారు. తన గురించి అంతకుమించి చెప్పుకోలేదు.

ఆదివారం పొద్దున, మేముండే యూ టీ పేటలో మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర, రాసింది నాకు చదివి వినిపించేవారు. నా చోట ముందే టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఇక్కడివాళ్లు చోప్ అన్నట్టు, సీటు ఆపి ఉంచేవారు. వాక్యం వాక్యానికీ నేను ఊ కొట్టాలి. ఊ అంటే పక్కన పెన్సిల్ చుక్క పడేది, లేకపోతే వాక్యం కొట్టివేత. బూన్ లే హాస్టళ్ల నుంచి షిప్‌యార్డులో పనిచేసే మనవాళ్లు అర్జీ రాయించుకోవడానికి వచ్చినా అదే పద్ధతి. మనిషి ఊ అనని కాగితం మీద వాడి సంతకం పెట్టించకూడదని ఆయన పట్టు.

అలాంటి మనిషిని నేను మోసం చేశాను. ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టేవాణ్ని. ఒకరోజు ఆయన మామూలు గొంతుతోనే, “ఓడ దిగి, యూ టీలో రైలెక్కాడు,” అని చదివారు. మా పేట పేరు కూడా వినిపించుకోకుండా నేను ఊ అన్నాను. ఆయన కోప్పడలేదు. చుక్క పెట్టకుండా ఫైలు మూసి, ఆకలేస్తున్నట్టుంది, వెళ్లి తినమన్నారు.

సిగ్గేసి మళ్లీ వెళ్లలేదు. నాలుగు నెలలు, ప్రతి ఆదివారం, పై వసారాలోంచి తొంగిచూస్తే నా చోట టిష్యూ ప్యాకెట్ కనిపించేది. అయినా దిగలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం.

కర్మ అయ్యాక ఆంటీ ఫైలు నా చేతిలో పెట్టారు. “ఆఖరి అధ్యాయం ఎవరికీ చదవలా నాయనా. నువ్వొస్తావనే చూశారు,” అన్నారు. ఆ అధ్యాయంలో ఒక్క చుక్కా లేదు.

నిన్న ఆదివారం ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. షిప్‌యార్డు ఓబులేసు అర్జీ కోసం వచ్చాడు. నాకంటే పెద్దవాడు. ఆయన లేరని చెబితే వెళ్లిపోకుండా ఎదురుగా కూర్చుని, నా చేతిలో కాగితాలు చూసి, “సదువు సార్, నేనింటా,” అన్నాడు.

గట్టిగా చదివాను. అతను శ్రద్ధగా ఊ కొడుతుంటే నేను చుక్కలు పెట్టాను. ఆఖరి వాక్యం ఇది: “పోయేనాటికి ఊరంతా ఆయన్ని ఎరుగును గాని, ఆయన మాట వినడానికి పక్కన కూర్చునేవాళ్లు లేరు.”

ఓబులేసు ఊ అనలేదు. తల వంచుకున్నాడు. పద్ధతి ప్రకారం దాన్ని కొట్టేయాలి. కొట్టేయడానికి మనసు రాక, పెన్సిల్ లోపలే పెట్టి ఫైలు మూసేశాను. ఆ వాక్యం పక్కన చుక్కా లేదు, మీద గీతా లేదు.