పైనీళ్లు

మా హ్వే పట్నంలో ముసురు పట్టిందంటే నాలుగు నెలలు వదలదు. అలాంటి ఊళ్లో పుట్టి డెబ్బై ఏళ్లు బతికిన మా పెద్దమ్మ న్యాన్ నోట "వాన" అన్న మాట పిల్లలమెవరమూ వినలేదు. "పైనీళ్లు వస్తున్నాయి, బట్టలు తియ్యండే" అనేది. సుగంధ నది ఒడ్డున మా వీధి పిల్లలం ఆమె కనబడితే చాలు, అరచేతులు చాచి "పైనీళ్లు, పైనీళ్లు" అని వెక్కిరించేవాళ్లం. అందరికంటే ఎక్కువ వెక్కిరించింది నేనే. ఆ పాపం ఈ కాగితం మీద కొంతైనా కడుక్కుందామని కూర్చున్నాను.

న్యాన్ అంటే మా మాటల్లో తీరిక. ఆమె తీరిగ్గా కూర్చోగా నేనైతే చూడలేదు. పదమూడో ఏట చక్రవర్తి కోటలోకి దాసీగా వెళ్లింది, నాలుగో రాకుమారి మేడకు. ముసురులో పుట్టిందని ఆ రాకుమారిని వాళ్లమ్మ "వాన" అని ముద్దుగా పిలుచుకునేదట. రాజవంశంలో వాళ్ల పేరు దాసీల నోట రాకూడదు. అది పువ్వు పేరైతే ఆ ఇంట్లో పువ్వుకు ఇంకో మాట వెతుక్కోవాలి. ఈమెది వాన పేరైపోయింది. అందుకని ఆ మేడ దాసీలు నిలువునా తడిసి వచ్చి కూడా "పైనీళ్లమ్మా" అనేవాళ్లు. నోరు జారితే అరచేతి మీద పది బెత్తం దెబ్బలు. పెద్దమ్మ మొదటి వారంలోనే ముప్పై తింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఒక్కటీ తినలేదు. కోటలో మిగతావాళ్లూ, కొలువు ఉద్యోగుల ఇళ్లవాళ్లూ ఆ ఇంటికి పైనీళ్ల మేడ అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లు.

రాకుమారికి తల్లి చిన్నతనంలోనే పోయింది. జాతకంలో మొగుడి గండం ఉందని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. ఇరవై నాలుగేళ్లు వచ్చినా ఆమెను అడిగే నాథుడు లేడు. అప్పుడు తుయెన్ కంటబడ్డాడు. చిన్న రాకుమారులకు చదువు చెప్పే పండితుడి కొడుకు, తండ్రి వెంట పుస్తకాల మూట పట్టుకుని వచ్చేవాడు. మూడేళ్లు ఆమె వెదురు తెర వెనక నిలబడి అతన్ని చూసింది. ఒక చలికాలం అతను దగ్గుతుంటే విని, తన చేత్తో అల్లం పాకం పట్టి పెద్దమ్మతో పంపింది. అతను తెర వైపు వంగి, "పెద్దక్కగారి దయ" అన్నాడు.

"అక్కగారు అన్నాడే న్యాన్," అంది రాకుమారి ఆ పూట అన్నం ముందు కూర్చుని. "నాకంటే రెండేళ్లు పెద్దవాడు. అక్కగారట."

"మర్యాదకి అని ఉంటారమ్మగారూ."

"తొమ్మిదోదాన్ని ఏమని పిలుస్తాడో కనుక్కున్నావా? ఏమీ పిలవడు. దాన్ని చూస్తే వాడికి మాట రాదు."

తొమ్మిదో రాకుమారి ఈమె సవతి చెల్లెలు, పదిహేడేళ్ల పిల్ల. అదీ అతన్నే కోరుకుంది, నానమ్మ పెద్దరాణి కాళ్లు పట్టుకుని ఒప్పించింది. మర్యాదల శాఖ వాళ్లు పెళ్లికొడుకుల పేర్ల పట్టిక రాసి చక్రవర్తి ముందు పెడతారు. ఎవరి పేరు మీద ఆయన ఎర్రసిరా చుక్క పెడితే వాడే అల్లుడు. చుక్క ఎక్కడ పడుతుందో కోటంతటికీ తెలిసిపోయింది.

పట్టిక ఇంకో మూడు రోజులకు చక్రవర్తి దగ్గరికి వెళ్తుందనగా, రాకుమారి తలుపులు వేసుకుని ఉత్తరం రాసింది. చేతిరాత తెలియకుండా ఎడమచేత్తో రాసింది. పెద్దమ్మ సిరా నూరుతూ చూసింది. తుయెన్ నానమ్మ కుష్ఠుతో పోయిందనీ, ఆ ఇంటివాళ్లు దాచిపెట్టారనీ అందులో ఉంది. రాసినావిడే చదివి వినిపించింది. పూర్తిగా అబద్ధం.

"ఇది శాఖ పెద్దాయన ఇంట్లో ఇచ్చిరా. ఎవరు నువ్వంటే కూరలమ్మేదాన్నని చెప్పు. ఇంకోటి. బయట వానని వాన అనే అను. నోరు జారావో ఇద్దరం పోతాం."

"ఇది ఇస్తే ఆయనకేమవుతుందమ్మగారూ?"

"ఏమవుతుంది? చుక్క పడదు, అంతే. నాకు దక్కనిది దానికీ దక్కకూడదు."

 పెద్దమ్మ తాటాకు టోపీ పెట్టుకుని, బచ్చలికట్టల కింద ఉత్తరం దాచి బయలుదేరింది. దారి పొడుగునా "వాన, వాన" అని గొణుక్కుంటూనే నడిచిందట. తొమ్మిదేళ్లుగా నోట రాని మాట, ఇప్పుడు రాకపోతే ప్రాణం మీదికొస్తుంది.

పెద్దాయన ఇంట్లో గుమస్తా ఉత్తరం తీసుకుని లోపలికి పోయాడు. అంతలో వాన దంచడం మొదలైంది. కాపలావాడి పెళ్లాం చూరు కిందికి రమ్మని ఆకువక్క ఇచ్చింది. నోరు ఊరుకునే మనిషి కాదు.

"కొత్తదానిలా ఉన్నావే. ఏం ఉత్తరం?"

"నాకేం తెలుసక్కా, ఎవరో ఇమ్మన్నారు."

"పెళ్లి పట్టిక మీద చాడీయే అయ్యుంటుంది. ఏటా వస్తాయిలే. నిరుడు ఒక ఇంటిమీద ఇలాగే కుష్ఠు దాచారని వచ్చింది. అబద్ధమో నిజమో చూసినవాడు లేడు. ఆ ఇంటి ముసలాయనకి వంద దెబ్బలన్నారు, అరవైకే పోయాడు. కొడుకుని మన్యానికి తోలేశారు. అక్కడి జ్వరాలకి తిరిగొచ్చినవాడు ఎవడు?"

పెద్దమ్మ నోట్లో వక్క చేదెక్కింది. చుక్క పడదు, అంతే అని చెప్పింది అమ్మగారు. ఆవిడకూ తెలియదేమో. తెలిసినా, ఆ క్షణాన తెలుసుకోదలచుకోలేదేమో. ఉత్తరం వెనక్కిమ్మంటే ఎవరిస్తారు? ఊరూ పేరూ లేని ఉత్తరమైతే చక్రవర్తి దాకా పోతుంది. అది ఏ మేడ నుంచి వచ్చిందో తెలిస్తే మాత్రం ఏ పెద్దాయనా పైకి పంపడానికి సాహసించడు. చూరు కింద నిలబడి, ఆ బచ్చలికట్టల వైపు చూస్తూ ఆమె ఇదంతా ఆలోచించిందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

వాన కాస్త తెరిపిచ్చింది. ఆమె బుట్ట ఎత్తుకుంది.

"వెళ్తానక్కా. పైనీళ్లు తగ్గాయి."

కాపలావాడి పెళ్లాం నమలడం ఆపింది. "ఏంటీ? పైనీళ్లా?" అని నవ్వబోయి, నవ్వు మింగేసి, లోపలికి పరిగెత్తింది.

ఆ తర్వాత రెండు రోజులు ఎలా గడిచాయో ఆమె సరిగా చెప్పలేకపోయేది. రాకుమారికి చెప్పలేదు. అన్నం దిగలేదు. గడప మీద అడుగుల చప్పుడు వినబడితే లేచి నిలబడేది. రాకుమారి కూడా ఊరికే కిటికీ దగ్గరికీ మంచం దగ్గరికీ తిరిగింది. "ఇచ్చావు కదా? సరిగ్గానే ఇచ్చావు కదా?" అని పదిసార్లు అడిగింది. పదకొండోసారి, "అతన్ని కొడతారంటావా?" అంది. 

మూడో రోజు పొద్దున్నే అంతఃపురం కాపలా చూసే ముసలి కంచుకి వచ్చాడు. ఇద్దర్నీ రమ్మని పెద్దరాణి కబురు.

పెద్దరాణి ఒళ్లో ఆ ఉత్తరం ఉంది. ఆవిడ మనవరాలి ముఖం చూడలేదు.

"నీ దాసీ నోరు జారిందట. ఈ రాత కూడా దానిదే అనుకుంటాను. ఏదో కక్ష పెట్టుకుని రాసుంటుంది. అంతేనా?"

అది తప్పించుకునే దారి చూపించడం. మనవరాలు తల ఊపితే చాలు. పెద్దమ్మ నేలకు నుదురు ఆనించి, "నేనేనమ్మా" అంది. వీపు మీద దెబ్బలు ఎక్కడెక్కడ పడతాయో లెక్కపెట్టుకుందట.

రాకుమారి చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనాన్ని పెద్దమ్మ బతికినన్నాళ్లూ తప్పుపట్టలేదు కానీ నేను పడతాను. చివరికి ఆమె లేచి, బల్ల మీది కుంచె ఎడమచేత్తో తీసుకుని, ఉత్తరంలో మొదటి వరుస మళ్లీ అలాగే రాసి నానమ్మ ముందు పెట్టింది.

"దీనికి కుంచె ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు నానమ్మా. అబద్ధం నాది. చుక్క అతని పేరు మీదే వెయ్యమనండి. నేను తాతగారి సమాధి దగ్గర ధూపం వేసుకుంటూ ఉంటాను. ఇంక పట్నంలోకి రాను."

"అతని కోసమా?"

"అతనికి నేను అక్కని కదా," అంది రాకుమారి.

ఎర్ర చుక్క పడింది. పెళ్లి జరిగింది. తుయెన్‌కు ఎప్పటికీ ఏమీ తెలియలేదు. ఏటా కొత్త సంవత్సరానికి పెద్దక్కగారి పేర అల్లం మిఠాయి పంపేవాడు. దాన్ని ఆవిడ తినేది కాదు, పారేసేదీ కాదు.

పెద్దమ్మకు అరచేతుల మీద ముప్పై దెబ్బలతో సరిపెట్టారు. కోట వదిలి ఊరికి పొమ్మన్నారు. పోలేదు, రాకుమారి వెంట సమాధుల కొండకు వెళ్లింది. పదకొండేళ్లు అక్కడ గడ్డి పీకి, వత్తులు వేసి, చివరి రెండేళ్లు ఆవిడ రొమ్ములో జబ్బుకు కషాయాలు కాచి, ఆవిడ పోయాకే మా ఇంటికి వచ్చింది.

నాకు పెళ్లి కుదిరిన ఏడు, అల్లం చెక్కుతూ ఇదంతా చెప్పింది. నేను ఊరుకోలేక అడిగాను.

"తొమ్మిదేళ్ల అలవాటు కదా పెద్దమ్మా, పాపం నోరు అలా జారిపోయిందా?"

ఆమె కత్తిపీట పక్కన పెట్టింది. ఇదే మాట రాకుమారి కూడా ఒకసారి అడిగిందట, పోయే ముందటి ముసురులో, సమాధి మెట్ల మీద కూర్చుని. "న్యాన్, ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు నోరు జారిందా?"

పెద్దమ్మ కొండ వైపు చూసిందట. మబ్బు దిగుతోంది.

"వాన వచ్చేలా ఉందమ్మగారూ. లోపలికి పదండి."

తడబడకుండా, సాఫీగా అంది. రాకుమారి ఆమె ముఖంలోకి చూసింది.

"అయితే జారలేదన్నమాట."

"లేదమ్మగారూ."

కోప్పడుతుందనుకుంది. అరచేతులు రెండూ ముందుకు చాచింది కూడా. రాకుమారి వాటిని పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మ పోయాక నా పేరు అన్నవాళ్లు లేరే. ఇంకోసారి అను."

పెద్దమ్మ ఇంకోసారి అంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ రోజూ అంది. మా ఇంటికి వచ్చాక మాత్రం మళ్లీ పైనీళ్లే.