లామినేషన్ చేసిన మందుల చీటీ

ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు, ఒంటి మీద కొత్త తెల్లకోటు, ఊరినంతా మత్తు నుంచి కాపాడే బాధ్యత నాదేనన్న గట్టి నమ్మకం. (ఆ బాధ్యత నాకెవరూ అప్పగించలేదు, అది వేరే సంగతి.) నేను చేరింది హనుమకొండలో దవాఖానల సందులో ఉన్న మందుల దుకాణంలో. యజమానిని అందరిలాగే నేనూ చాచా అనేదాన్ని. గట్టి నొప్పి మాత్రలు, కొన్ని దగ్గు మందులు అలవాటైతే మనిషిని వదలవు. అందుకే డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి, అదే చీటీతో ఇంకో దుకాణానికి పోకుండా దాని మీద మా ముద్ర వెయ్యాలి. చాచా నేర్పిన మొదటి పాఠం అదే.

దానికి నేను నా సొంత తెలివి జోడించాను. దగ్గు మందుకు వచ్చినవాళ్లను, చీటీ చూశాక కూడా, "ఏదీ, ఒకసారి దగ్గండి" అనేదాన్ని. మరిపెడ నుంచి వచ్చిన ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "దగ్గేది నేను గాదు బిడ్డా, మా ముసలాయన. ఆయనను ఇంట్ల పండవెట్టి వచ్చిన. ఫోన్ జేసి దగ్గుమని జెప్పాల్నా?" అంది. నిలబడ్డవాళ్లంతా నవ్వారు. నేను మాత్రం నిఘా సడలించలేదు.

అంత నిఘాలోనూ మడికొండ సారు దర్జాగా వచ్చి పోయేవారు. రిటైరైన టీచరు, ఇస్త్రీ చొక్కా, నడుం నొప్పి. అన్నిటికీ మించి, నన్ను "మేడమ్" అని పిలిచిన మొదటి మనిషి. ఆయన చీటీకి లామినేషన్ చేయించి ఉండేది. ఎంత పద్ధతైన మనిషో అని మురిసిపోయాను. ముద్ర వేస్తే సిరా నిలవక జారిపోయింది. పాపం, చీటీ ఖరాబవుతుందని నా చేతిరుమాలుతో నేనే తుడిచి ఇచ్చాను. పది రోజుల మందు అలా రెండు వారాల్లో మూడుసార్లు ఇచ్చాను. (లెక్క రాక కాదు, ఆ ఇస్త్రీ చొక్కా మీద అనుమానం రాక.) మూడోసారి చాచా నా వెనకే నిలబడి చూశాడు. సారు వెళ్లాక, "కాయిదానికి రెయిన్‌కోటు తొడిగిండు. ముద్ర ఏడ నిలుస్తది బిడ్డా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ వస్తే కడిగేద్దామని మాటలన్నీ కూర్చుకున్నాను. నాలుగో రోజుకే వచ్చారు. నేను నోరు తెరిచేలోపు చాచా ఆయనకు స్టూలు వేశాడు.

"జర కూసోండ్రి సార్. నొప్పి నడుంలనేనా, ఇంకేడనన్న ఉన్నదా?"

సారు నాకు చేతులు చూపించారు. వణుకుతున్నాయి. "ఏసుకోకుంటే ఇట్లయితాంది. నాలుగు దుకాణాలు తిరుగుతాన. ఇంట్ల తెల్వది. బందు జేద్దామంటే నాతోని అయితలేదు మేడమ్."

ఆ 'మేడమ్' విని నాకు సిగ్గేసింది. ఆయన సరేనన్నాకే ఆ చీటీ రాసిన డాక్టరుకు ఫోన్ చేశాం. ఒక్కసారిగా మానొద్దని, మెల్లగా తగ్గించుకుంటూ పోవాలని డాక్టరు కొత్త చీటీ రాశారు. ఏ వారం మందు ఆ వారమే, అదీ మా దుకాణంలోనే. ఒకసారి రెండు రోజుల ముందే వచ్చి బతిమాలారు. నేను ఇవ్వలేదు, డాక్టరుతో మాట్లాడించాను. కోపంగా వెళ్లిపోయారు. ఇక రారేమో అని ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. సోమవారం పొద్దున్నే వచ్చారు.

చలి పోయి ఎండలు ముదిరాక ఒక రోజు నేను మందు తియ్యబోతే, "ఏమొద్దు మేడమ్. డాక్టరే బందు వెట్టిండు. చెప్పి పోదామని వచ్చిన" అన్నారు. గిరాకీ ఏమీ కొనకుండా పోతుంటే చాచా చాయ్ తెప్పించడం నేను చూసింది అదొక్కసారే.

అప్పటి నేను, ఆ తెల్లకోటు పిల్ల, తలపుకొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. దొంగల్ని పట్టేద్దామని బయల్దేరిన మనిషి ఆ చాయ్ గ్లాసు పట్టుకుని మందుల అరల వైపు తిరిగి ఏడ్చింది. కంట్లో దుమ్ము పడిందంటే చాచా నమ్మినట్టే ఊరుకున్నాడు.